కంప్యూటర్ బాగానే నడుస్తోంది, మరి అప్‌గ్రేడ్ ఎప్పుడు చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కంప్యూటర్ కొని ఏడేళ్లయింది, విండోస్ 10 మీద నడుస్తోంది. ఆఫీస్ 2016, ఫోటోలు దిద్దుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి, పాత స్కానర్ ఒకటి, ఇవి కాక చిన్నాచితకా ప్రోగ్రాములు బోలెడు. రోజూ ఏదో ఒకటి అప్‌డేట్ చేయమని అడ్డం వస్తూనే ఉంటుంది. ఒక స్నేహితుడు "నడుస్తున్నదాన్ని కెలక్కు" అంటున్నాడు, ఇంకొకరు "వచ్చింది వచ్చినట్టు వేసేయ్" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసిపెట్టే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఏ అప్‌డేట్ వచ్చినా నేను చూసేవి రెండే విషయాలు. ఇది వేయకపోతే బయటివాళ్లు నా కంప్యూటర్‌లోకి రావడానికి సందు మిగులుతుందా? వేశాక తేడా చేస్తే ఉన్నచోటికి తిరిగి రాగలనా? మొదటిదాన్ని బట్టి ఎంత తొందరపడాలో తెలుస్తుంది. రెండోదాన్ని బట్టి ఎంత జాగ్రత్తపడాలో తెలుస్తుంది. కొత్త ఫీచర్లు, కొత్త రంగులు, "ముందుకంటే వేగం" లాంటి ప్రకటనలన్నీ ఆ తర్వాతే.

ముందు సెక్యూరిటీ సంగతి. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఎవరూ ఏ లింకూ నొక్కకపోయినా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దానంతట అదే వెళ్లి, ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్, అంటే ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది ఎప్పుడో తెలుసా? అదే ఏడాది మార్చి 14న. దాదాపు రెండు నెలలు ముందు. ఆ ప్యాచ్ వేసుకున్న కంప్యూటర్ల జోలికి ఆ దారిలో అది రాలేకపోయింది.

ఇందులో చాలామందికి తట్టని విషయం ఒకటుంది. ప్యాచ్ విడుదలయ్యాక, అది వేసుకోని వాళ్లకు ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. దాడి చేసేవాళ్లు చేసే పని అదే. అంటే "నెల రోజులు ఆగి చూద్దాం" అనుకున్నవాళ్లు ఆగుతున్నది సరిగ్గా ఆ లోపం గురించి అందరికీ తెలిసిన నెల. మీ స్నేహితుడి "కెలక్కు" అనే సలహా ఇక్కడ మాత్రం పనికిరాదు.

విండోస్‌కు నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. 2003 నుంచి ఇదే పద్ధతి. ఇంట్లో వాడే కంప్యూటర్‌కైతే నేను మూడు నాలుగు రోజులు ఆగి, ఆ వారాంతంలోపు వేసేస్తాను. ఈలోగా పెద్ద సమస్య ఏదైనా ఉంటే ఎలాగూ బయటపడుతుంది. "ఈ లోపాన్ని ఇప్పటికే దాడుల్లో వాడుతున్నారు" అని వార్త వస్తే మాత్రం ఆ రోజే వేస్తాను. ముఖ్యమైన పని మధ్యలో ఉంటే సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను గరిష్ఠంగా 5 వారాల దాకా నిలిపి ఉంచవచ్చు. ఆ వీలును పని పూర్తయ్యేదాకా వాడుకోండి, అలవాటుగా మార్చుకోవద్దు.

బ్రౌజర్‌కు ఆ మూడు రోజులు కూడా ఆగక్కర్లేదు. బయటి ప్రపంచంతో పొద్దస్తమానం మాట్లాడేది అదే. క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా కొత్త వెర్షన్‌ను చప్పుడు చేయకుండా దించుకుంటుంది కానీ, మూసి మళ్లీ తెరిస్తేనే అది అమల్లోకి వస్తుంది. నలభై ట్యాబ్‌లు తెరిచిపెట్టి, కంప్యూటర్‌ను రోజూ నిద్రపుచ్చుతూ వారాల తరబడి బ్రౌజర్ మూయనివాళ్లను చాలామందిని చూశాను. అప్‌డేట్ ఆటోమేటిక్‌గా అయిపోతోందని వాళ్లు ధీమాగా ఉంటారు, నిజానికి పాత వెర్షన్‌లోనే తిరుగుతుంటారు. రెండు మూడు రోజులకోసారి బ్రౌజర్ మొత్తం మూసి తెరవండి. ట్యాబ్‌లు మళ్లీ వాటంతట అవే వచ్చేలా సెట్టింగ్ ఉంది.

ఇంకో మాట. "మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి" అని ఏదైనా వెబ్‌సైట్ పేజీలో కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు. అప్‌డేట్ ఎప్పుడూ ఆ ప్రోగ్రాం మెనూ నుంచో, దాన్ని తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచో మాత్రమే చేయాలి.

మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ భయం వేసింది ఆ చిన్నాచితకా ప్రోగ్రాముల గురించి. విండోస్, బ్రౌజర్ వెంటపడి మరీ గుర్తుచేస్తాయి. గుర్తుచేయనివే ప్రమాదం. విన్‌రార్‌నే తీసుకోండి. కుదించి మూటకట్టిన ఫైళ్లను, అంటే ఆర్కైవ్‌లను, విప్పే ప్రోగ్రాం అది. తనంతట తాను అప్‌డేట్ అవదు. 2023లో దాంట్లో ఒక లోపం బయటపడింది. ఆర్కైవ్‌లో ఒక ఫోటో కనిపిస్తుంది, మామూలు ఫోటోలాగే ఉంటుంది. అదే పేరుతో ఒక ఫోల్డర్ కూడా లోపల ఉంటుంది. మీరు ఫోటో మీద డబుల్ క్లిక్ చేస్తారు, ఆ ఫోల్డర్‌లో దాచిన స్క్రిప్ట్ నడుస్తుంది. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన 6.23 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. అప్పటికే ఏప్రిల్ నుంచి దాన్ని దాడుల్లో వాడుతున్నారు. 6.23 వచ్చాక కూడా, చేత్తో కొత్తది దించుకోనివాళ్ల దగ్గర పాతదే ఉండిపోయింది. ఏళ్ల క్రితం వేసుకున్నది అలాగే ఉన్న కంప్యూటర్లు నాకు ఇప్పటికీ కనిపిస్తుంటాయి.

అందుకని నెలకోసారి ఒక అరగంట కూర్చోండి. విండోస్‌లో టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరిచి "వింగెట్ అప్‌గ్రేడ్" అనే కమాండ్ కొడితే (ఇంగ్లీషులో winget upgrade అని కొట్టాలి), అది గుర్తుపట్టగలిగిన ప్రోగ్రాముల్లో వేటికి కొత్త వెర్షన్ ఉందో జాబితా చూపిస్తుంది. జాబితా చూడగానే అన్నీ అప్‌డేట్ చేసేయకండి. ముందు, ఏడాదిగా తెరవనివి ఏవో చూసి తీసేయండి. వాడని ప్రోగ్రాంకు అన్‌ఇన్‌స్టాల్‌ను మించిన అప్‌డేట్ లేదు. మిగిలినవాటిలో బయటినుంచి వచ్చిన ఫైళ్లను తెరిచేవాటికి మొదటి స్థానం ఇవ్వండి: పీడీఎఫ్ రీడర్, ఆర్కైవ్‌లు విప్పేది, వీడియో ప్లేయర్, ఆఫీస్.

ఇక పెద్ద వెర్షన్ల సంగతి. ఇక్కడ మీ స్నేహితుడి మాటకు విలువ ఉంది.

2018 అక్టోబర్ 2న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి ఒక పెద్ద అప్‌డేట్ విడుదల చేసింది, వెర్షన్ 1809. మొదటి రోజే వెళ్లి వేసుకున్నవాళ్లలో కొందరికి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలోని ఫైళ్లు మాయమయ్యాయి. ఆ ఫోల్డర్లను వేరే డ్రైవ్‌కు మార్చుకుని, పాతచోట కూడా కొన్ని ఫైళ్లు వదిలేసినవాళ్ల కంప్యూటర్లలో, పాతచోటు ఖాళీదే అనుకుని తుడిచేసింది. నాలుగు రోజుల్లో విడుదల ఆపేశారు, సరిచేసి మళ్లీ నవంబర్ 13న ఇచ్చారు. ఆరు వారాలు ఆగినవాళ్లకు అసలు ఆ గొడవే తెలియదు. అదే సమయంలో వాళ్లకు నెలవారీ సెక్యూరిటీ ప్యాచ్‌లు పాత వెర్షన్ మీదే వస్తూ ఉన్నాయి. అంటే ఆగినందువల్ల పోయిందేమీ లేదు. ఇది గట్టిగా పట్టుకోండి: పాత వెర్షన్‌కు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తున్నంత కాలం, కొత్త వెర్షన్ కోసం తొందరపడాల్సిన పనిలేదు.

తయారుచేసేవాళ్లు కూడా ఇలాగే ఆలోచిస్తారు. విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు లినక్స్‌లో రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో దీర్ఘకాల సపోర్ట్ ఉండే వెర్షన్ వస్తుంది. అయితే అంతకుముందు దీర్ఘకాల వెర్షన్ వాడుతున్నవాళ్లకు "అప్‌గ్రేడ్ చేసుకోండి" అనే సందేశం ఏప్రిల్‌లో రాదు. దిద్దుబాట్లతో మొదటి సవరణ వెర్షన్ వచ్చాకే పంపుతారు. 24.04 వెర్షన్ వచ్చింది 2024 ఏప్రిల్‌లో, దాని మొదటి సవరణ 24.04.1 వచ్చింది ఆగస్టు 29న. నాలుగు నెలలు వాళ్లే ఆపుతున్నారు. విండోస్‌లోనూ, ఫలానా డ్రైవర్‌తో (ప్రింటర్, స్కానర్ లాంటి పరికరాన్ని నడిపించే ప్రోగ్రాంతో) పడదని తెలిస్తే ఆ డ్రైవర్ ఉన్న కంప్యూటర్లకు కొత్త వెర్షన్ ఇవ్వకుండా మైక్రోసాఫ్టే నిలిపేస్తుంది. "అందరికీ వచ్చింది నాకు రాలేదు" అని యూఎస్‌బీతో బలవంతంగా వేసుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆపారంటే కారణం ఉంటుంది.

నా లెక్క ఇదీ: ఆపరేటింగ్ సిస్టమ్ పెద్ద వెర్షన్‌కు రెండు మూడు నెలలు ఆగుతాను. రోజూ కూడు పెట్టే సాఫ్ట్‌వేర్‌కు, అంటే డిజైన్, వీడియో, అకౌంట్స్ లాంటివాటికి, చుక్క తర్వాత సున్నా ఉన్న వెర్షన్ వేయను, మొదటి దిద్దుబాటు వచ్చేదాకా ఆగుతాను. సరదాగా వాడేదానికి ఏ నియమమూ లేదు, ఎప్పుడైనా వేసుకోండి.

వెనక్కి రాగలమా అనే రెండో ప్రశ్న దగ్గరే అసలు కష్టాలన్నీ ఉన్నాయి. విండోస్ పెద్ద అప్‌గ్రేడ్ చేశాక పాతదానికి తిరిగి వెళ్లే బటన్ 10 రోజులు మాత్రమే ఉంటుంది. ఆ తర్వాత పాత విండోస్ ఉన్న ఫోల్డర్‌ను అది చెరిపేస్తుంది. కాబట్టి అప్‌గ్రేడ్ చేసిన మొదటి వారంలోనే మీరు వాడే ప్రతిదాన్నీ ఒకసారి తెరిచి చూడాలి: ప్రింటర్‌తో ఒక పేజీ, స్కానర్‌తో ఒక కాగితం, బ్యాంకు సైటు, డిజిటల్ సంతకం పెట్టే టోకెన్ ఉంటే అదీ. మూడు వారాల తర్వాత స్కానర్ పనిచేయట్లేదని తెలిసినా అప్పటికి ఆ బటన్ ఉండదు. మ్యాక్‌లో ఆ బటన్ కూడా లేదు, పాతదానికి రావాలంటే డిస్క్ తుడిచి మొదటినుంచి వేసుకోవాలి. 2019 అక్టోబర్‌లో వచ్చిన మ్యాక్ వెర్షన్ కాటలీనా, 32 బిట్ ప్రోగ్రాములను, అంటే పాత పద్ధతిలో తయారైనవాటిని, పూర్తిగా ఆపేసింది. ముందు చూసుకోకుండా వేసుకున్నవాళ్ల పాత ప్రోగ్రాములు ఒక్కసారిగా తెరుచుకోవడం మానేశాయి.

ప్రోగ్రాంను పాత వెర్షన్‌కు మార్చడం ఒక ఎత్తు, మీ ఫైళ్లను మార్చడం ఇంకో ఎత్తు. నా కళ్లముందు జరిగింది చెబుతాను. ఇద్దరు కలిసి ఒక పుస్తకం పేజీలు కూరుస్తున్నారు. ఒకరు వారాంతంలో సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేసుకున్నారు. ఫైలు తెరవగానే "పాత వెర్షన్ ఫైలు, మారుస్తున్నాం" అని చిన్న సందేశం వచ్చింది, సరే అన్నారు, మూడు రోజులు పనిచేసి సేవ్ చేసి పంపారు. రెండో ఆవిడ దగ్గర పాత వెర్షన్. ఫైలు తెరుచుకోలేదు. పాతదాంట్లో తెరుచుకునే ఫార్మాట్‌లోకి ఎగుమతి చేస్తే వచ్చింది గానీ, కొన్ని పేజీల్లో వరుసలు జరిగిపోయాయి, మళ్లీ ప్రతి పేజీ సరిచూడాల్సి వచ్చింది. పుస్తకం ప్రెస్‌కు వెళ్లాల్సింది ఆ వారమే. సాఫ్ట్‌వేర్‌లో ఏ తప్పూ లేదు. పని మధ్యలో, అవతలివాళ్లను అడక్కుండా మార్చడం దగ్గరే చిక్కంతా వచ్చింది.

ఫోటోల సాఫ్ట్‌వేర్ల కేటలాగ్‌లు, అంటే మీ ఫోటోల జాబితా, వాటికి చేసిన దిద్దుబాట్లు దాచే ఫైళ్లు, కూడా ఇంతే. కొత్త వెర్షన్ మొదటిసారి తెరిచినప్పుడు కేటలాగ్‌ను మార్చుకుంటుంది. పాత కేటలాగ్ కాపీ ఒకటి మిగిలే ఉన్నా, మార్చాక మీరు చేసిన దిద్దుబాట్లు అందులో ఉండవు. అందుకే "మారుస్తున్నాం" అనే సందేశం కనిపించినప్పుడు అక్కడే ఆగండి. ఆ ఫోల్డర్ మొత్తం వేరేచోట కాపీ చేసుకున్నాకే సరే నొక్కండి.

బ్యాకప్ గురించి అందరూ చెబుతారు, కానీ ఏది బ్యాకప్పో చెప్పరు. క్లౌడ్‌లో సింక్ అయ్యే ఫోల్డర్ ఒక్కటే ఉంటే అది బ్యాకప్ కాదు, ఇక్కడ ఫైలు చెడితే చెడిన ఫైలే అక్కడికీ వెళుతుంది. బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి పక్కన పెట్టాలి. పెట్టేముందు అందులోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడాలి, వీలైతే వేరే కంప్యూటర్‌లో. ఇంకొకటి, దీన్ని మాత్రం మర్చిపోవద్దు: బిట్‌లాకర్ (డిస్క్ మొత్తానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) మారినప్పుడో, పెద్ద అప్‌గ్రేడ్ తర్వాతో కంప్యూటర్ ఆ కీ అడిగితే, అది లేనివాళ్లకు డిస్క్‌లోని ఫైళ్లు ఇక దక్కవు. సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఇప్పుడే వెళ్లి చూసుకోండి.

డ్రైవర్లు, బయోస్ మాత్రం కారణం లేకుండా మార్చవద్దు. కారణం అంటే సెక్యూరిటీ లోపమో, మీరు పడుతున్న ఇబ్బందో. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నిటికి అవసరానికి మించి వోల్టేజీ వెళ్లి చిప్‌లు మెల్లగా పాడవుతున్నాయని తేలింది. దాని పరిష్కారం బయోస్ అప్‌డేట్ రూపంలోనే వచ్చింది, అది వేసుకోవాల్సిందే. "మీ డ్రైవర్లన్నీ పాతవి" అని భయపెట్టే ఉచిత ప్రోగ్రాములను మాత్రం దగ్గరికి రానివ్వకండి.

ఇప్పుడు మీ కంప్యూటర్ దగ్గరికి వద్దాం. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఆఫీస్ 2016 కూడా అదే రోజు. ఇంతకుముందు చెప్పిన "ఆగితే నష్టం లేదు" అనే మాట ఇక మీకు వర్తించదు, ఎందుకంటే పాతదానికి మామూలుగా ప్యాచ్‌లు రావడం ఆగిపోయింది. కంప్యూటర్ బాగానే నడుస్తుండటం చూసి మోసపోవద్దు. సపోర్ట్ ముగిసిన రోజుకూ మర్నాటికీ తెర మీద ఏ తేడా కనిపించదు, కానీ ఆ తర్వాత దొరికే ప్రతి లోపమూ అందులో తెరిచే ఉంటుంది. విండోస్ 7 విషయంలో చూశాం: 2020 జనవరిలో సపోర్ట్ ముగిసింది, 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 దాని మీద ఎక్కడం మానేసింది. ముందు ఆపరేటింగ్ సిస్టమ్ ఆగుతుంది, ఆ వెనకే మిగతావి ఒక్కొక్కటిగా తప్పుకుంటాయి.

ఇంట్లో వాడుకునేవాళ్లకు విండోస్ 10 సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం అందేలా 2026 అక్టోబర్ 13 వరకు ఒక ఏర్పాటు ఉంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోంచి నమోదు చేసుకోవచ్చు, మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలి. ఇంకా చేయకపోతే మొట్టమొదట ఇది చేయండి. అది నిర్ణయం తీసుకోవడానికి దొరికిన గడువు మాత్రమే, అక్కడే స్థిరపడకండి.

తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం నడపండి. విండోస్ 11కి టీపీఎం 2.0 (తాళాలను భద్రంగా దాచే భాగం), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే స్థూలంగా 8వ తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 వరుస నుంచి. ఏడేళ్ల కంప్యూటర్ కాబట్టి మీది సరిగ్గా గీత మీద ఉంది. "టీపీఎం లేదు" అని చూపించినా నిరాశపడకండి, చాలా వాటిలో అది బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది, ఆన్ చేస్తే సరిపోతుంది. ప్రాసెసరే పాతదైతే, ఆ తనిఖీని దాటవేసి విండోస్ 11 వేసే చిట్కాలు నెట్‌లో దొరుకుతాయి. ఉన్న ఒక్క కంప్యూటర్ మీద నేనైతే అది చేయను. అలాంటివాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. దానికంటే ఉబుంటు యూఎస్‌బీ నుంచి నడిపి చూడండి. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై, ప్రింటర్, స్కానర్ పనిచేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది, దీర్ఘకాల వెర్షన్‌కు 5 ఏళ్ల సపోర్ట్ ఉంటుంది.

ఒకవేళ విండోస్ 11కి వెళ్లినా, హోమ్, ప్రో వాటిలో ఒక్కో వెర్షన్‌కు 24 నెలలే సపోర్ట్. ఏటా వచ్చే కొత్త వెర్షన్‌కు కొన్ని నెలలు ఆగండి, రెండేళ్లు మాత్రం దాటనివ్వకండి.

ఆఫీస్ 2016తో బయటివాళ్లు పంపిన ఫైళ్లు తెరుస్తున్నారా? అయితే దాన్ని మార్చాలి. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే లిబ్రెఆఫీస్ ఉచితం. మీ ముఖ్యమైన ఫైళ్లు నాలుగైదు అందులో తెరిచి, పట్టికలు, ఫార్ములాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి నిర్ణయించుకోండి.

ఫోటోల సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడే కదిలించాల్సిన అవసరం నాకు కనిపించలేదు. మీ కెమెరా ఫోటోలే తెరుస్తోంది, మీకు కావాల్సిన పని చేస్తోంది. విండోస్ 11లో పనిచేస్తుందని రూఢి చేసుకుంటే చాలు. కొత్త కెమెరా కొన్నప్పుడు దాని రా ఫైళ్లను (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ఫోటో ఫైళ్లను) పాత వెర్షన్ గుర్తుపట్టకపోవచ్చు, అప్‌గ్రేడ్ గురించి అప్పుడు ఆలోచించవచ్చు. అప్పుడు కూడా అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో ఆ ఫైళ్లను పాత సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టే డీఎన్‌జీ రూపంలోకి మార్చుకుని ఇంకొంత కాలం నెట్టుకురావచ్చు.

మిగిలింది స్కానర్. అప్‌గ్రేడ్‌కు ముందే దాని కంపెనీ సైటులో విండోస్ 11 డ్రైవర్ ఉందో లేదో చూడండి. లేకపోతే, అది లేకుండా మీకు గడవకపోతే, పాత కంప్యూటర్ ఏదైనా ఇంట్లో ఉంటే దాన్ని ఇంటర్నెట్ లేకుండా స్కానర్‌కే కేటాయించండి. స్కాన్‌లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు.

ఇవన్నీ సెలవు రోజు పొద్దున్నే మొదలుపెట్టండి, రాత్రి పడుకునేముందు కాదు. ఆ వారంలో ఎవరికీ ఏ పనీ అప్పగించాల్సింది లేకుండా చూసుకోండి. మీ ప్రాసెసర్ మోడల్, స్కానర్ మోడల్ రాస్తే, విండోస్ 11కి వెళ్లవచ్చో లేక ఉబుంటు చూసుకోవాలో ఖాయంగా చెబుతాను.